మా మిల్లు డబ్బాఫీసరు

నాన్న పోయాక మా పురికొసల మిల్లుని అమ్మే నడపాల్సి వచ్చింది. రాజాంలో పాలకొండ రోడ్డు మీద ఉండేదది. చుట్టుపక్కల రైతుల దగ్గర గోగునార కొని, పురికొసలు పేని, కట్టలు కట్టి లారీల మీద బయటికి పంపేవాళ్లం. అమ్మకి సంతకం పెట్టడం తప్ప చదువు రాదు. నార కొనడం, డబ్బు చెల్లించడం అన్నీ చిన్నాన్న చూసేవాడు. ఆయన నాన్నకి సొంత తమ్ముడు. నేను విజయనగరంలో పి.యు.సి. పూర్తిచేసి, సంబంధాలు వస్తాయని ఇంట్లో కూర్చున్నాను.

అరవైల చివర అది. కొత్త మిషన్ల కోసం అప్పు అడగడానికి అమ్మ విజయనగరం బ్యాంకుకి వెళ్లింది. తోడుగా నన్ను తీసుకెళ్లింది. అప్పట్లో బ్యాంకు మేనేజర్ని ఏజెంటు అనేవారు. ఆయన మా కాగితాలన్నీ తిరగేసి పక్కన పెట్టాడు.

"మీ మిల్లులో డబ్బు ఎటునుంచి వస్తోంది, ఎటు పోతోంది అని చూసే మనిషి లేడమ్మా. చదువుకున్నవాణ్ని ఒకణ్ని పెట్టుకుని అప్పుడు రండి" అన్నాడు.

"మా మరిది సూస్తన్నాడు కద బాబూ."

"సరుకు కొనేదీ ఆయనే, డబ్బు ఇచ్చేదీ ఆయనే అయితే ఎలాగమ్మా?"

తిరుగు బస్సెక్కాం. చీపురుపల్లి దాటాక అమ్మ నా వైపు వంగి, "ఒసే, ఆ బాబు మీ చిన్నాన్న గురించి ఏటైనా ఇన్నాడంటావా?" అంది. నాకేం తెలుసు? కానీ ఆ రోజు మా వెంట అనుమానం కూడా బస్సు దిగి ఇంటికొచ్చింది.

పేపర్లో ప్రకటన వేయించాం. ఇప్పుడు కంపెనీల్లో సి.ఎఫ్.ఓ. అంటున్న ఉద్యోగానికి అప్పట్లో మావైపు పేరే లేదు. 'చీఫ్ అకౌంటెంటు కావలెను' అని రాయించాం. ముగ్గురొచ్చారు. అమ్మ వాళ్లని మా ముందుగదిలో బల్ల మీద కూర్చోబెట్టి మాట్లాడింది. ఇంగ్లీషు సర్టిఫికెట్లు చదివి చెప్పడం నా పని.

మొదటివాడు కూర్చుంటూనే, "మీ మరిదిగారు చాలా మంచివారని విన్నానండీ" అన్నాడు. అతను గేటు దాటగానే అమ్మ, "మరిది ఉన్నాడని ఈడికెవలు సెప్పినారే?" అని అడిగి, ఆ కాగితాలు అవతల పెట్టేసింది.

రెండోవాడు అన్నిటికీ తలూపాడు.

"నాను సెక్కు రాయమంటే రాసేస్తావా బాబూ?"

"తమరు చెప్పడమే ఆలస్యమండీ."

"మా మరిది రాయమంటే?"

"వారూ యజమానులే కదండీ!"

అమ్మ అతనికి మజ్జిగ ఇచ్చి పంపేసింది.

మూడో ఆయనది పాతపట్నం పక్క పల్లె. కలకత్తాలో ఒక మిల్లులో చాలాకాలం చేశాడు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు. కాఫీ ఇస్తే వద్దన్నాడు. "ముందు నేను కొన్ని అడగాలమ్మా" అన్నాడు.

"ఉద్యోగం ఇచ్చేది మాము. నువ్వడగడమేటి?"

ఆయన అడిగాడు. నార కొనేదెవరు? తూకం చూసేదెవరు? డబ్బు చెల్లించేదెవరు? మూడింటికీ అమ్మ మరిది అనే చెప్పాల్సి వచ్చింది.

"మరి మీరేం చేస్తున్నారమ్మా?"

అమ్మ ముఖం ఎర్రబడింది. ఆయన ఆగలేదు. "నా సంతకం లేకుండా మిల్లు డబ్బు ఎవరూ తియ్యకూడదు. మీరైనా సరే. దానికి ఒప్పుకుంటేనే చేరతాను."

"మరి నువ్వే తినేస్తే?"

"అందుకే నా సంతకం పక్కన మీదీ ఉండాలి."

ఆయన వెళ్లాక, "బలే అనుమానం మనిషే ఈడు" అంది అమ్మ.

"వద్దా అయితే?"

"మొకం మీదే మనల్ని అనుమానించినోడు రేపు ఇంకెవల్ని నమ్ముతాడు? రమ్మని ఉత్తరం రాయ్."

చిన్నాన్న ఆ సాయంత్రమే వచ్చాడు. "కలకత్తాలో అంత పని ఒగ్గేసి ఇక్కడికెందుకొచ్చినాడో అడిగినావా వొదినా?" అన్నాడు. అమ్మ అడగలేదు. ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

కలకత్తా ఆయన చేరాడు. డబ్బు చూసే ఆఫీసరు కాబట్టి మిల్లులో ఆడవాళ్లు ఆయనకి డబ్బాఫీసరు అని పేరు పెట్టారు. ఎవరితోనూ నవ్వేవాడు కాదు. నాన్న సంవత్సరీకానికని మిల్లు నుంచి గోనెపట్టాలు తెప్పిస్తే, వాటి ఖరీదు అమ్మ పద్దులో రాశాడు. అమ్మ రెండు రోజులు ఆయన పేరెత్తితే మండిపడింది.

తర్వాత కబుర్లు మొదలయ్యాయి. ఆదివారాలు డబ్బాఫీసరు బస్సెక్కి పల్లెలకి పోతున్నాడనీ, కళ్లాల్లో కూర్చుని గోగునార బేరాలాడుతున్నాడనీ అన్నారు. "సొంతంగా యాపారం పెడతాడు, సూస్తుండు" అన్నాడు చిన్నాన్న. అమ్మ మిల్లు బీరువా తాళాలు ఇంటికి తెప్పించుకుంది.

ఒకరోజు జాకెట్టు తెచ్చుకోవడానికి దర్జీ కొట్టుకెళ్లాను. ఎదురుగా చిన్నాన్న ఇల్లు. అందులోంచి డబ్బాఫీసరు చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. గుమ్మం దాకా చిన్నాన్న సాగనంపాడు. మా ఇంట్లో కాఫీ ముట్టని మనిషి అక్కడ భోంచేశాడు! ఇంటికి పరుగెత్తి చెప్పాను. అమ్మ వండుతున్న కూర దించేసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "పద" అంది.

మిల్లు ఆఫీసు గదిలో మమ్మల్ని చూసి డబ్బాఫీసరు లేచి నిలబడ్డాడు.

"మా మరిదింట్లో బోజనం సేసినావట."

"చేశానమ్మా."

"ఏటి మాటాడుకున్నారు?"

ఆయన తలుపు దగ్గరగా వేశాడు. "రైతులు నార ఏ ధరకి అమ్ముతున్నారో ఊళ్లకెళ్లి అడిగాను. మనం కొంటున్నది ఆ ధరకి కాదు. మధ్యలో ఒక దుకాణం ఉంది. రైతు అక్కడ అమ్ముతాడు, మనం ఎక్కువిచ్చి అక్కడ కొంటాం. ఆ దుకాణం మీ మరిదిగారి బావమరిదిది."

"మరాడింట్లో అన్నమెందుకు తిన్నావు?"

"మీకు చెప్పే ముందు ఆయన్ని అడగడం న్యాయం అనిపించింది. వెళ్లేసరికి ఆకు వేసి ఉంది. తిన్నాక, మీతో చెప్పొద్దన్నారు. నా జీతం మీద ఇంకొంత ఇస్తానన్నారు."

"నువ్వేటన్నావు?"

"కూర బాగుందన్నాను."

అమ్మ నవ్వలేదు. ఆయన మాటా పూర్తిగా నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకుని మా మావ ఊరు వెళ్లింది. మావ, అంటే అమ్మ అన్న, అక్కడ గోగు పండించేవాడు. కాళ్లు కడుక్కోకుండానే అడిగింది. ఆయన తెల్లబోయాడు.

"నీ మరిది మనుషుల దుకాణానికే గదే ఇస్తన్నాం. నీకు తెలీదేటి? నువ్వు సెప్తేనే పెట్టినారనుకున్నాం ఊరంతా."

అమ్మ అరుగు మీద కూలబడింది. "అయితే ఇన్నాళ్లూ నన్నూ దొంగే అనుకున్నార్రా అన్నయ్యా!" అంది. మరిది మోసం కంటే అదే ఆమెకి ఎక్కువ తగిలింది.

చిన్నాన్నని పిలిపించింది. ఆయన దబాయించలేదు. తలొంచుకుని, "ఇది నాను పెట్టింది కాదు వొదినా. అన్న ఉన్నప్పుట్నుంచీ ఉన్నాది. అన్నకి తెలుసు" అన్నాడు.

"సచ్చిపోయినోడి మీద పెట్టకు!" అని అరిచింది అమ్మ. కానీ ఆయన వెళ్లాక గోడకి చేరబడి చాలాసేపు కూర్చుంది. రెండు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని మిల్లుకెళ్లి డబ్బాఫీసరుని అడిగింది.

"మా ఇంటాయనకి నిజంగా తెలుసో లేదో నువ్వు కనుక్కోగలవా?"

"కనుక్కోవచ్చమ్మా." ఆయన ముందున్న లెక్కల పుస్తకం మూశాడు. "కలకత్తాలో మా యజమాని ఇలాగే కనుక్కోమన్నాడు. కనుక్కుని, డబ్బు తిన్నది మీ కొడుకేనని చెప్పాను. తర్వాత ఆయన నా మొహం చూడలేకపోయాడు. అందుకే అక్కడ మానేసి వచ్చేశాను. ఇప్పుడు మీరు చెప్పండి. కనుక్కోమంటారా?"

పక్క షెడ్డులో మిషన్లు ఆడుతున్నాయి. మా అమ్మ ఏం చెబుతుందో నాకు అంతు పట్టలేదు. కూరలవాడి త్రాసు కిందకి కూడా వంగి చూసే మనిషి ఆమె.

"వొద్దు బాబూ" అంది.

చిన్నాన్న నార కొనుగోలు వదిలేసి మిల్లులో తన వాటా మాత్రం ఉంచుకున్నాడు. పండక్కి బట్టలు పెట్టుకోవడం ఆగలేదు గానీ, రెండిళ్ల మధ్య మాటలు తగ్గిపోయాయి. బ్యాంకు అప్పిచ్చింది, మిషన్లు వచ్చాయి. నాకు సాలూరులో లారీలున్న ఇంటి సంబంధం కుదిరింది, పెళ్లయి అక్కడికి వెళ్లిపోయాను. నాన్న సంగతి నాకూ ఎప్పటికీ తేలలేదు. తేల్చుకోవాలని ఉన్నా, అమ్మ వద్దన్నాక నేను ఎవర్నీ అడగలేదు.

మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు అమ్మ మిల్లు నుంచి అప్పుడే వచ్చి వక్కలు కత్తిరించుకుంటోంది. "డబ్బాఫీసరు మీద ఇప్పుడైనా నమ్మకం కుదిరిందా?" అని అడిగాను.

"నమ్మకమేటే?" అంది తల ఎత్తకుండా. "ఆడు కాగితం తెస్తే ఇదేటి, అదేటి అని రెండుసార్లు అడగతన్నాను. నాను రూపాయి కావాలంటే ఆడూ రెండుసార్లు అడగతన్నాడు. పనవుతన్నాది."