ముప్పై అయిదు దాటితే

ఎనభైల చివర్లో మా నరసరావుపేట బడికి ఒక కంప్యూటరొచ్చింది. పదిరోజుల ట్రైనింగుకి వెళ్లొచ్చిన పాపానికి దాని భారమంతా లెక్కల టీచరునైన నా నెత్తిన పడింది. ఆ గదిలోకి అందరం చెప్పులు బయట విడిచే వెళ్లేవాళ్లం.

ఆ ఏడు తొమ్మిదో తరగతి ఫలితాలు దాంతోనే తీయాలని హెడ్మాస్టరు గారి ముచ్చట. "ఏముందమ్మా, ముప్పై అయిదు దాటితే పాసు, లేకపోతే ఫెయిలు. ఆ ముక్క దానికి చెప్పండి, చాలు" అన్నారు. అలాగే చెప్పాను. బేసిక్ అనే కంప్యూటరు భాషలో 'ఇఫ్' అని మొదలుపెట్టి, ముప్పై అయిదు కంటే ఎక్కువైతే పాసు, 'ఎల్స్' ఫెయిలు అని రాశాను. మార్కులు లేకుండా పాసు, ఫెయిలు మాత్రమే అచ్చయిన జాబితా గోడకి అంటిస్తే బడంతా ఎగబడి చూసింది. నేనూ పొంగిపోయాను, దాచడమెందుకు!

ఆ క్లాసులో ఒక లారీ మెకానిక్కు కూతురుండేది. లెక్కలంటే దానికి చచ్చేంత భయం. పాసైతే చదివిస్తా, లేకపోతే కుట్టుమిషను దగ్గర కూర్చోబెడతానని తండ్రి ముందే తేల్చేశాడు. జాబితాలో ఆ పిల్ల లెక్కల్లో ఫెయిలు. వాళ్లమ్మ వచ్చి, "ఇంకోపాలి చూడండి టీచరమ్మా, చానా కష్టపడింది" అని బతిమాలింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "కంప్యూటరు తప్పు చెబుతుందా అమ్మా? అది మనలాంటిది కాదు" అని కసిరి పంపేశాను.

వారం తర్వాత మార్కులు రిజిస్టరులోకి ఎక్కిస్తుంటే కనబడింది, ఆ పిల్లకి సరిగ్గా ముప్పై అయిదు. మన నోట 'దాటితే' అంటే ముప్పై అయిదొచ్చినా పాసే, అది ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కంప్యూటరుకి చెప్పాలి. 'ఎక్కువైతే' పక్కన 'సమానమైనా' అనే గుర్తు నేను పెట్టలేదు.

ఎండలో పడి వాళ్లింటికి వెళ్లాను. పిల్ల మిషను తొక్కుతోంది. తప్పు నాదేనని తండ్రికి చెప్పాను.

"అట్టయితే బడి తెరవంగానే పంపిస్తా మేడం. అన్న మాట మీదుంటా" అన్నాడాయన.

ప్రాణం కుదుటపడగానే నా నోరు ఊరుకోలేదు. "ఏమే, దిద్దిన పేపరు నీకు చూపించాంగా! ముప్పై అయిదని తెలిసీ అడగొద్దూ?" అని ఆ పిల్లనే గదమాయించాను, సిగ్గులేకుండా.

"ముప్పై అయిదొస్తే పాసనే అనుకున్నా మేడం" అంది దారం తెంపుతూ. "కంప్యూటరు తప్పు చెప్పదని మీరే మా అమ్మతో అన్నారంట గదా. నాకు లెక్కలు రావు గదా, అట్టా అనుకోడం గూడా నా తప్పే అనుకున్నా."