రెండు గంటల దారికి అరిసెల డబ్బా

మా చిన్నప్పుడు రంగూన్ నుంచి విశాఖపట్నం ఎంత దూరమో మా అమ్మ డబ్బాలతో చెప్పేది... అటుకుల డబ్బా, అరిసెల డబ్బా, వాటి మీద ఎండుచేపల మూట. అవి అయిపోయేలోపు ఓడ ఒడ్డుకు చేరేది. అమ్మ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

మా అప్ప పెళ్లయి, బావతో ఓడెక్కిన రోజు నాకు బాగా గుర్తు. రంగూన్ పబేడాన్ పేటలో మా ఇంటి కింద వీధిలో మొహింగా అమ్మేవారు... సన్నటి బియ్యపు సేమ్యా మీద వేడివేడి చేపల పులుసు. అప్పకి అదంటే ప్రాణం. ఓడలోకి అదే కట్టమంది. అమ్మ ఒప్పుకుంటేనా?

"ఓడెక్కేదానికి పులుసేటే? రేపటికే పాడైపోద్ది. పాడవనివే కడతాను, తిను."

అప్ప నా బుగ్గ గిల్లి, "పెద్దోడివయ్యాక నువ్వు తేరా" అంది. తెస్తానన్నాను.

తర్వాత ఓడలు ఆగిపోయాయి. నా బతుకు ఇక్కడే, రంగూన్లో మా కొట్లోనే గడిచిపోయింది. అప్పని మళ్లీ చూసింది ఫోన్లోనే...

ఇప్పుడు విశాఖలో అప్ప మంచం పట్టింది. ఏం పెట్టినా తినడం లేదని, మొహింగా అడుగుతోందని మేనకోడలు చెప్పింది. ఎంత దూరమో ఫోన్లో చూడమన్నాను మనవరాల్ని. ఈ విమానాశ్రయం నుంచి ఆ విమానాశ్రయానికి ప్రయాణ సమయం రెండు గంటలు అని చదివింది. రెండు గంటలే... పులుసు చల్లారను కూడా చల్లారదు. కొత్త స్టీలు క్యారియరు కొన్నాను. తెల్లారేసరికి మొదటి గరిటె నాకే పోయాలని మొహింగా ఆవిడకి చెప్పి ఉంచాను.

దర్జాగా టికెట్ల కొట్టుకి వెళ్లి, పొద్దున్న విమానం ఎన్నింటికి అని అడిగాను. అక్కడుండేది మన తెలుగు కుర్రాడే. నవ్వాడు.

"అది పటమ్మీద గీత గీసి సెప్పిన లెక్క, తాతా. ఆ గీత మీద ఇమానం లేదు."

లేదట. లేని విమానానికి ప్రయాణ సమయం ఎందుకయ్యా రాయడం? ఎవడు రాయమన్నాడు? మా అమ్మకి అక్షరం ముక్క రాదు... అయినా ఓడ లేకుండా ఏనాడూ డబ్బా కట్టలేదు.

ముందు తూర్పుకి బ్యాంకాక్ పోవాలట. రాత్రంతా అక్కడ కూర్చుని, మళ్లీ ఈ సముద్రం మీదుగానే పడమటికి ఎగరాలట. ఇదీ మీ రెండు గంటలు!

విశాఖలోనే ఎవరిచేతనైనా వండించొచ్చుగా అని నాకు సలహాలివ్వకండి. అప్ప అడిగింది మా వీధి పులుసు.

టికెట్ కొన్నాను. ఎల్లుండి ప్రయాణం. క్యారియరు అటక మీదకెక్కింది. కోడలు పొయ్యి దగ్గర కూర్చుని అరిసెలు వండుతోంది... పాడవనివి కట్టాలిగా. నోట్లో పన్ను లేని మనిషి వాటినెలా నములుతుందో...

ఓడల రోజుల్లో మీ ఇళ్లల్లో దూరాన్ని దేంతో కొలిచేవారో రాయండి. ఫోన్లో చూసి మాత్రం రాయకండి.