చెరువులో పడ్డ నా గోల్ఫ్ కర్ర

ఆ రోజుల్లో ‘తెలియదు’ అనే మాట నా నోట వచ్చేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, కొత్తగా పీటీ టీచర్ ఉద్యోగం, మెడలో ఈల. ఈ మూడూ ఒకచోట చేరితే మనిషికి రాని విద్య ఉండదని గట్టిగా నమ్మేదాన్ని. రాయ్‌పూర్‌లో మేముండే రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి దగ్గర్లోనే ఒక ఆడపిల్లల బడిలో చేరి నాలుగు నెలలైనా కాలేదు, ప్రిన్సిపాల్ మేడమ్ గదిలోకి పిలిచి గోల్ఫ్ వచ్చా అని అడిగారు. వచ్చన్నాను. (టీవీలో ఒకసారి చూశాను. అదీ రిమోట్ కనబడక.) సంగతేమిటంటే, ఊరవతల కొత్త గోల్ఫ్ మైదానంలో ఆడే ఒక రిటైర్డ్ డాక్టరమ్మ, అక్కడ ఆడపిల్లలు ఒక్కరూ కనబడటం లేదని క్లబ్బువాళ్లతో పోట్లాడి, ఆదివారం పొద్దున ఒక గంట మా బడికి ఇప్పించిందట. పిల్లల్ని పోగుచేసి తీసుకెళ్లాల్సింది నేను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. మా వాళ్లది విజయనగరం వైపు, రైల్వే ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అమ్మ మాట మాత్రం ఊరు దాటి రాలేదు. “కర్రట్టుకుని గడ్డిలో తిరగడం కూడా సదువేనేటే?” అంది. కాలనీలో మిగతా అమ్మలూ దాదాపు అదే అడిగారు. ఎండకు నల్లబడతారని ఒకరు, కర్ర తగిలి పళ్లు ఊడితే ఎవరిది బాధ్యతని ఇంకొకరు. నేను ఇంటింటికీ తిరిగి, ఇది పెద్ద పెద్ద డాక్టర్లు ఆడే ఆట, ఒంటికి మంచిది, దెబ్బలు తగలవు అని నాకు తెలిసినట్టే చెప్పాను. చివరికి తొమ్మిదిమంది తేలారు. అందరికంటే చిన్నది మా ఇంటి వెనక లైనులో ఉండే వెల్డరుగారమ్మాయి. ఏడో క్లాసు. ఎత్తు తక్కువని అందరూ బుడ్డి అనేవారు.

మొదటి ఆదివారం వ్యాన్ దిగగానే పిల్లలు ఒకరి వెనక ఒకరు నక్కారు. అంత పచ్చగడ్డి, మధ్యలో చెరువు, తెల్లబట్టల మనుషులు. మైదానం బాగోగులు చూసే సెక్రటరీగారు పెద్ద మీసాలతో వచ్చి, గడ్డి పెళ్లగిస్తే ఊరుకోనని మర్యాదగానే హెచ్చరించారు. పిల్లలు చెప్పులు విప్పి చేతుల్లో పట్టుకున్నారు. తెల్ల టోపీ పెట్టుకున్న డాక్టరమ్మ (ఆ రోజు నుంచే మాకు టోపీ మేడమ్) నా చేతికి ఒక కర్ర ఇచ్చి, ముందు మీరు కొట్టి చూపించండి అంది.

హాకీ ఆడినదాన్ని, ఆ ధైర్యంతో నిలబడ్డాను. మొదటిసారి ఊపితే గాలి తగిలింది. రెండోసారి గడ్డి తగిలింది. మూడోసారి నా బలమంతా కూడదీసుకుని తిప్పాను. బంతి పెట్టినచోటే ఉంది, కర్ర మాత్రం చేతుల్లోంచి జారి, గిరగిరా తిరుగుతూ వెళ్లి చెరువులో పడింది. ముందు బుడ్డి కిసుక్కుమంది. ఆ వెంటనే తొమ్మిదిమందీ పొట్టలు పట్టుకుని గడ్డి మీద కూలబడ్డారు. నాకు నేల చీలితే దూరిపోదామనిపించింది. టోపీ మేడమ్ దగ్గరికెళ్లి నాకీ ఆట రాదని, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. తన చిన్నప్పుడు చుట్టూ అందరూ గంభీరంగా నిలబడి చూస్తుంటే భయంతోనే మొదటి ఏడాదంతా పోయిందని చెప్పి, “బహుత్ అచ్ఛా హువా, మంచిపనైంది, ఇప్పుడు వీళ్లకి డర్ పోయింది” అంది. నిజమే. టీచర్ కంటే ఘోరంగా ఎవరూ ఆడలేరని తేలిపోయాక పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ వరసకట్టారు. వరస చివర పదో విద్యార్థినిగా నేను.

మూడు నెలలయ్యేసరికి కొందరు సభ్యులు ఆదివారం తమకు ఇబ్బందిగా ఉందని గొణగడం మొదలుపెట్టారు. సెక్రటరీగారు ఒక పరీక్ష పెట్టారు. ముగ్గురు పిల్లలు, ముగ్గురు సభ్యులు, ఒకరికి ఒకరు పోటీ. జెండా ఉన్న గుంటలోకి ఇరవై అడుగుల దూరం నుంచి బంతిని దొర్లించాలి, తక్కువ దెబ్బల్లో వేసినవాళ్లు గెలిచినట్టు. ముగ్గురిలో ఒక్క పిల్ల గెలిచినా గంట ఉంటుంది, లేకపోతే లేదు. ఓడిపోతే, నేను ఇంటింటికీ తిరిగి ఒప్పించిన అమ్మలందరికీ ఏం చెప్పాలో తెలియలేదు.

మొదటి అమ్మాయి తొందరపడి గట్టిగా కొట్టి ఓడిపోయింది. రెండో అమ్మాయి ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయి ఏడుస్తూ నా పక్కన కూర్చుంది. మిగిలింది బుడ్డి. ఎదురుగా ఉన్నది స్వయంగా సెక్రటరీగారు, రెండు దెబ్బల్లో వేసేశారు. అంటే బుడ్డి ఒక్క దెబ్బలో వేయాలి. అది వెంటనే కొట్టలేదు. గడ్డి మీద బోర్లా పడుకుని, చెంప నేలకానించి నేలవాలు చూసింది. లేచి, గుంట ఒకవైపుంటే ఇంకోవైపుకి గురిపెట్టింది. సెక్రటరీగారు పాపం జాలిపడి, గుంట ఇటుందమ్మా అని చూపించారు.

“మాలూమ్ హై అంకుల్. ఉధర్ సే ఘూమ్‌కే ఆయేగా,” అంది బుడ్డి, కళ్లు బంతి మీంచి తీయకుండానే. తెలుసులే, అటునుంచి తిరిగొస్తుందని.

కొట్టింది. బంతి ఎటో పోతున్నట్టే పోయింది. నేను కళ్లు మూసుకోబోయి ఆగాను. సగం దూరంలో అది మెల్లగా ఒంపు తిరిగింది, వాలు పట్టుకుంది, తీరిగ్గా, మా అందరినీ ఏడిపించాలన్నట్టు గుంట అంచున నిలబడి, లోపలికి పడింది. టక్ మని చిన్న చప్పుడు. ఆ చప్పుడంత ముద్దైన శబ్దం నేనింతవరకు వినలేదు. పిల్లలు బుడ్డిని ఎత్తేశారు. సెక్రటరీగారు టోపీ తీసి దానితో చెయ్యి కలిపి, నేలవాలు అలా చూడటం తనకూ నేర్పమని అడిగారు. టోపీ మేడమ్ అదే అదనుగా బుధవారం సాయంత్రం కూడా అడిగేసింది. ఆయన కాదనలేకపోయారు.

మరుసటి ఆదివారం బడి గేటు దగ్గర ఇరవై ఆరుగురు పిల్లలు నిలబడ్డారు. వాళ్ల వెనక, టిఫిన్ డబ్బాలు పట్టుకుని అమ్మలు. మా అమ్మ కూడా వచ్చింది, ఊరికే చూసి పోదామనట. వ్యాన్ చాలక రెండుసార్లు తిరగాల్సి వచ్చింది.

బుడ్డి ఇప్పుడు బుడ్డి కాదు, నా కంటే జానెడు ఎత్తు. అదే మైదానంలో చిన్నపిల్లలకు నేర్పుతోంది, నన్ను మాత్రం ఇంకా టీచర్ అనే పిలుస్తుంది. నడుముకు పట్టీ కట్టుకుని నేనూ వెళుతుంటాను. పది దెబ్బల్లో ఒకటి సరిగ్గా తగిలి, బంతి ఆకాశంలోకి లేచి, ఎండలో కాసేపు కనబడకుండా పోతుంది. ఆ కాసేపు మెడలో ఈల వేసుకున్న ఆ ఇరవై రెండేళ్ల పొగరుబోతు పిల్ల నా పక్కన నిలబడి, చూశావా, నాకొచ్చని అప్పుడే చెప్పానా లేదా అంటున్నట్టు ఉంటుంది. పోనీలే పాపం అని నేనూ తలూపుతాను.