ఆయన గ్యాసని చెప్పలేదు

మా సన్నాయి మేళంలో నేర్చుకోవడానికి వచ్చిన జర్మనీ ఆయన గుండెపోటుతో పోయి మూడేళ్లయింది. "గ్యాసని ఆయనే చెప్పేరండి, మేమేం చేస్తాం" అని ముమ్మిడివరం చుట్టుపక్కల ఇప్పటికీ అంటారు. ఆ మాట మొదట అన్నది నేను. అది నిజం కాదు.

ఆయన వాళ్ల దేశంలో ముప్ఫై ఏళ్లు ఓబో అనే వాద్యం వాయించి రిటైరయ్యారు. అదీ మన సన్నాయిలాగే కొసకి రెల్లు పీక పెట్టి ఊదేదే. మేళానికి పెద్ద మా మేనమామ. మస్కట్‌లో డ్రైవరుగా చేసి వచ్చిన నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు తెలుసు కాబట్టి, ఇద్దరి మధ్యా మాటలు మోసే పని నాకు పడింది.

మొదటి వారంలోనే ఆయనకో చిట్కా చెప్పాను. ఎవరేమడిగినా "ఆయ్" అనండి, మావాళ్లు మురిసిపోతారు అని. మా వైపు అవునండీ అనడానికి అదే మాట. ఆయన బుద్ధిగా పాటించారు.

"భోజనం అయ్యిందాండీ?"

"ఆయ్."

"మా ఊరి అల్లుడైపోతారాండీ?"

"ఆయ్."

అరుగు మీద ఆడవాళ్లు నవ్వలేక చచ్చేవారు. "నీకంటే మర్యాద తెల్సురా ఆయనకి" అనేవారు మావయ్యగారు నాతో. నాకు మహా సరదాగా ఉండేది.

ఆ రోజు పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలతో టిఫినయ్యాక సాధనకి కూర్చున్నారు. కాసేపటికే ఆయన సన్నాయి దించేశారు. మొహమంతా చెమట. అరచెయ్యి పొట్టకి కాస్త పైన ఆనించి "హెర్ట్స్" అన్నారు. ఇంగ్లీషులో హర్ట్స్, అంటే నొప్పి అంటున్నారనుకున్నాను.

"నొప్పంటన్నారండి" అన్నాను.

"పొట్టిక్కలు ఐదు లాగించేరు కదరా, పనసాకు వాసన బావుందని!" అని మావయ్యగారు ఆయన వైపు తిరిగారు. "గ్యాసేనాండీ?"

"ఆయ్."

"విన్నావా? సోడా పట్రా."

సోడా తెచ్చి నిమ్మకాయ పిండాను. వాము నమిలించాను. వీపు నిమిరాను. తగ్గిందాండీ అని అడిగినప్పుడల్లా "ఆయ్" అన్నారు. మధ్యమధ్యలో మళ్లీ "హెర్ట్స్" అనేవారు, నా కళ్లలోకి చూస్తూ, పసివాడికి మాట నేర్పుతున్నట్టు నెమ్మదిగా. నేను తలూపాను. అలా దాదాపు గంట గడిచిపోయింది. ఎడమ చెయ్యి పట్టుకుని పక్కకి ఒరిగిపోయాక గాని ఆటో పిలవలేదు. అమలాపురం ఆసుపత్రి ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా, నా మణికట్టు మీద ఆయన పట్టు వదులైపోయింది. ఆటో ఆపమనాలో, ఇంకా తొందరగా పోనిమ్మనాలో తెలియలేదు.

ఆ సాయంత్రం ఆయన భార్య ఫోన్లో అడిగారు, ఆఖర్న ఏమైనా అన్నారా అని. గ్యాసని ఆయనే చెప్పారన్నాను. ఆవిడ "అయితే భయపడలేదన్నమాట" అన్నారు. తర్వాత ఎన్నిసార్లు మాట్లాడినా ఆ మాట దగ్గరే ఊరట పడేవారు.

ఆ "హెర్ట్స్" నా చెవిలోంచి పోలేదు. ఏడాది తర్వాత ఫోన్లో వెతికాను. వాళ్ల భాషలో గుండెని అలా అంటారు. గంటసేపు ఆయన తన రోగమేమిటో చెబుతూనే ఉన్నారు. మేము మాత్రం నేను నేర్పిన మాట వింటూ కూర్చున్నాం. తెలిశాక కూడా రెండేళ్లు నోరు విప్పలేదు.

వచ్చే నెల ఆవిడ వస్తున్నారు. ఆయన కూర్చున్న చోటు చూడాలట. ఆఖరి మాటలు నా నోటితో మళ్లీ వినాలట.

మావయ్యగారికి అంతా చెప్పాను. ఆయన చేతిలో సన్నాయి పీకని తిప్పుతూ విన్నారు.

"ఆవిడకి మిగిలిందదొక్కటేరా. అదీ లాగేస్తావా?"

"లాగెయ్యకపోతే, ఆయన కూర్చున్న చాప మీదే ఆవిణ్ని కూర్చోబెట్టి మళ్లీ అబద్ధం చెప్పాలండీ" అన్నాను.

"చెప్పేస్తావన్నమాట" అన్నారు.

"చెబుతానండీ" అన్నాను. జర్మనీ ఆయన పోయిన రోజు నుంచీ ఆయ్ అనడం నాకు చేతకావడం లేదు.