మాకు స్కిప్పింగ్ నేర్పిన నాగమ్మత్త

నిన్న పొద్దున వార్డులో డ్యూటీలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"నాగమ్మత్త పోయిందంట మే."

ఏ నాగమ్మత్త అని అడిగాను.
ఆ పేరుతో మా ఊళ్లో ఒక్కతే ఉందని తెలిసీ అడిగాను.

గుండెపోటు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఆటో కోసిగి చేరకముందే అయిపోయిందట.

ఆమె తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను.
కోసిగి దగ్గర మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. సంతకం కూడా రాదు.

నేను ఎయిత్‌లో ఉన్నప్పుడు కర్నూలు నుంచి ఒక కోచ్ మేడమ్ వచ్చి, ఆడపిల్లలకు మూడు రోజులు స్కిప్పింగ్ నేర్పి, తాళ్లు మాకే వదిలి వెళ్లింది.

నాలుగో రోజు సాయంత్రం నాగమ్మత్త గిన్నెలు కడిగేసి గ్రౌండ్‌లోకి వచ్చింది.
వంటగది కిటికీలోంచి చూస్తూనే స్టెప్పులన్నీ నేర్చేసుకుంది.
ఆ రోజు నుంచి మా కోచ్ ఆమే.

నేను పెద్దమనిషినయ్యాక మా అవ్వ ఆట మాన్పించింది. ఎగిరితే గర్భసంచి జారుతుందని భయం.

అత్త మా వాకిట్లోకి వచ్చి, కుచ్చిళ్లు ఎగదోపి, అవ్వ ముందే ఆగకుండా యాభై ఎగిరింది.

"ముగ్గుర్ని కన్నదాన్ని పెద్దమ్మా. నాకేం జారిండాదో నువ్వే చెప్పు."

అవ్వకు నవ్వు ఆగలేదు. మర్నాడు తనే నన్ను పంపింది.

టెన్త్‌లో అమ్మానాన్న సుగ్గికి బయల్దేరారు, గుంటూరు వైపు మిరపకోతలకు. నన్నూ రమ్మన్నారు.
అంతవరకు నాన్నకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.
"నేను రాను నాయనా, పరీక్షలు రాస్తా" అన్నాను. ఆ ధైర్యం ఎక్కడిదో నాకు తెలుసు.

"యాడుంటావు? ఎవురు సూస్తారు నిన్ను?" అన్నాడు నాన్న.

సంగతి తెలిసి అత్త వచ్చింది.
"నా ఇంట్లో ఉంటాదిలే అన్నా. నేను తినేదే తింటాది."

నేనొక్కదాన్నే కాదు. అలా నలుగురం.
ఒకటే గది, మూడు నెలలు. మాకు చోటు చాలదని ఆమె వాకిట్లో పడుకుంది.
పొద్దున్నే లేపి ముందు స్కిప్పింగ్, తర్వాత పుస్తకాలు.
"నాకు సదివేకి రాదు. మీరు గట్టిగా సదవండి, నేను ఇంటా" అనేది.

నలుగురం పాసయ్యాం.

ఇవాళ నేను కర్నూలులో నర్సుని. ఎవరూ అడగకుండా, ఏమీ ఆశించకుండా ఆమె అంత పని ఎలా చేసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నిన్న సాయంత్రం ఊరికి వెళ్లాను.
ఇప్పుడు ఆమె దగ్గర నేర్చుకుంటున్న ఆడపిల్లలు యూనిఫామ్‌లోనే వచ్చి పాడె పక్కన నిలబడ్డారు.

"మేము మోస్తాం" అంది ఒక పిల్ల.

అత్త పెద్దకొడుకు పక్కకు జరిగి వాళ్లకు చోటిచ్చాడు.

పోయి రా అత్తా. ఇంక ఏ పనీ లేదు నీకు. చల్లగా, ప్రశాంతంగా ఉండు.