యాదమ్మ ఇవ్వని ఒరిజినల్

2022లో వకీలుగా నా ఆఫీసు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల సందులో రెండో అంతస్తులో ఉండేది. యాదమ్మ ఆ మెట్లెక్కి వచ్చింది. ఆమె భర్త పంజాగుట్టలో ఒక కంపెనీకి సెక్యూరిటీ గార్డు. డ్యూటీలో ఉండగానే చనిపోయాడు. కంపెనీ ఫండ్ నుంచి భార్యకు నెలనెలా పెన్షన్ రావాలి. ‘ఈవిడ అతని భార్యేనని నమ్మకమేమిటి?’ అని ఫండ్ వాళ్లు ఆపేశారు. అది రాకపోతే ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి వచ్చే జీతంతోనే ఇద్దరు పిల్లల్ని సాకాలి.

ఆమెకున్న బలమంతా నామినేషన్ ఫారమే. తన తర్వాత పెన్షన్ ఎవరికివ్వాలో భర్త రాసి సంతకం పెట్టిన కాగితమది. దాని జిరాక్స్‌తో కేసు వేశాను. తమ దగ్గరున్న ప్రతిలో ఆమె పేరే లేదన్నారు అవతలివారు. ఒరిజినల్ దాఖలు చెయ్యమని కోర్టు ఆదేశించింది.

“ఒరిజినల్ తెండమ్మా.”

“జిరాక్స్ ఇచ్చిన గద సార్.”

“కోర్టు అడుగుతోంది.”

“కోర్టు అడుగుతున్నదా, మీరడుగుతున్నరా?”

నాకు ఒళ్లు మండింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోందనిపించింది. ఆమె వెళ్లాక జిరాక్స్‌ను కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఆమె పేరు రాసిన చోట అక్షరాలు మిగతావాటికంటే నల్లగా, తర్వాత చేర్చినట్టు ఉన్నాయి. గట్టిగా అడిగితే దొంగ కాగితం తెచ్చి నా చేతుల్లోనే పెడుతుందేమోనని అడగడం తగ్గించాను.

రెండు వాయిదాలు పోయాయి. మూడోసారి కండిషనల్ ఆర్డర్ వచ్చింది. అంటే, గడువులోగా ఇవ్వకపోతే కేసు దానంతటదే రద్దయినట్టే. ఫోన్ చేసి చెప్పాను.

“వాయిదాలు మస్తు పడతయంట గద సార్,” అంది.

గడువు దాటింది. కేసు పోయింది.

డిస్మిస్ ఆర్డర్ యాదమ్మకు చదివి వినిపించాను. ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల ఒరిజినల్. నీలి ఇంకుతో గట్టిగా ఒత్తి రాసిన ఆమె పేరు, పక్కనే కంపెనీ ముద్ర, చక్కగా ఉన్నాయి.

“ఇది ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదమ్మా?”

“మొదటి వాయిదానాడు మీరు, అవతలి వకీలు భుజాల మీద చేతులేసుకొని చాయ్ తాగుతుంటే చూసిన. ఇద్దరిది ఒక్క తీరు మాట. గీ కాగితం మీకిస్తే ఆయన చేతిల పెడ్తరనుకున్న.”

ఆయనదీ నాదీ గుంటూరు వైపే. కోర్టులో వాదించుకుని బయట కలిసి టీ తాగడం వకీళ్లకు మామూలే. ఆ సంగతి ఆమెకు చెప్పాలని నాకు ఏనాడూ తోచలేదు.

కేసు తిరిగి తెరవమని పిటిషన్ తయారుచేశాను. కారణం దగ్గర అందరూ రాసేదే రాశాను: అనారోగ్యం. ఆమె సంతకం పెట్టనంది.

“నాకు జ్వరం రాలే సార్. అబద్ధం రాస్తే గిది సుత పోతది.”

చివరికి నిజమే రాశాం: వకీలు మీద నమ్మకం లేక ఇవ్వలేదని. ఆ వాక్యం కోర్టులో నేనే చదవాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చాను.

“నమ్మకం లేకపోతే వకీలును మార్చుకోవాలి. ఉత్తర్వు పాటించకపోవడానికి అది కారణం కాదు,” అన్నారు జడ్జిగారు. పిటిషన్ కొట్టేశారు.

అప్పీలుకు ఇంకో వకీలును పెట్టుకుంటానంది యాదమ్మ. ఫైలు ఇచ్చేశాను. నా ఎదుటే కూర్చుని ఒక్కో కాగితం సరిచూసుకుని వెళ్లింది.

ఇప్పుడు కేసు నాకప్పగించే వకాలత్ మీద సంతకం పెట్టించుకునే ముందే అవతలి వకీలుతో నా స్నేహం సంగతి చెప్పేస్తాను. ఒరిజినల్ తీసుకుంటే రసీదు రాసిస్తాను. యాదమ్మకు మాత్రం ఒక మాట బాకీ పడ్డాను. ఆమె నన్ను అనుమానించింది, ఆ సంగతి సంతకం పెట్టి మరీ కోర్టుకు చెప్పింది. నేనూ ఆమెను అనుమానించాను. అది నేను రాసిన ఏ అఫిడవిట్‌లోనూ లేదు.