శర్మగారి గంజాయి నూనె

2024 వేసవి. తిరువూరులోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి ముందు మోకాళ్లు వస్తాయి, వాటి వెనకాల మనుషులు వస్తారు. అలా వచ్చినవారే కామేశ్వరమ్మగారు. భర్త శర్మగారు వినగడపలో పురోహితులు. ఆమెది ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీలులోని మెత్తటి పొర అరిగిపోవడం. తొడ కండరాలు బలపడే వ్యాయామాలు నేర్పి పంపాను.

కొన్నాళ్లకు శర్మగారు ఒక్కరే వచ్చి, తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించారు.

"అమ్మా, గంజాయి నూనె రాస్తే నొప్పి పోతుందటగా? ఫోన్లో చూశాను. బెజవాడలో ఒకతను తెచ్చిస్తానన్నాడు."

బయట కాఫీ కూడా ముట్టని మనిషి! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"పోలీసులు పట్టుకుంటే?"

"పట్టుకోనీండి. నిద్దట్లో ఆవిడ మూలుగుతుంటే వినలేకపోతున్నానమ్మా."

ఆయన విన్నది పూర్తిగా అబద్ధమేమీ కాదు. గంజాయిలోని పదార్థాలకు స్పందించే గ్రాహకాలు మన నరాల్లోనూ కీళ్లలోనూ ఉన్నాయి. అలాంటి రసాయనాలను మన ఒళ్లే కొద్దికొద్దిగా తయారుచేసుకుంటుంది. ఈ ఏర్పాటునే ఎండోకన్నబినాయిడ్ సిస్టమ్ అంటారు. దాని ద్వారా కీళ్లనొప్పికి మందు కనిపెట్టాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. జంతువుల్లో ఆశ కనిపించింది కానీ మనుషుల్లో ఇంకా తేలలేదు. ఎవరో సీసాలో పోసిచ్చేదాంట్లో ఏముందో ఆ దేవుడికే తెలియాలి. ఇదంతా విడమరిచి చెప్పాను.

"ఆ మందు వచ్చేదాకా మేముంటామా అమ్మా?" అన్నారాయన.

మాట మార్చడానికి, ఆవిడ భోజనం ఎలా చేస్తున్నారని అడిగాను.

"కిందే, పీట మీద. నేను తిని లేచాక తింటుంది" అన్నారు. ఎప్పుడైనా చూశారా అంటే తడబడ్డారు.

మర్నాడు ఫోన్ చేశారు. "వంటింట్లో నిలబడి తింటోందమ్మా. కూర్చుంటే లేవలేదట. నాకు చెప్పనేలేదు."

"కుర్చీ వేయండి."

"వేశాను. నేను కింద కూర్చుంటే తను పైన కూర్చోదట!"

"అయితే మీరూ పైన కూర్చోండి" అన్నాను కాస్త విసురుగానే. తాతల నాటి ఆచారం ఆయనది. "చూస్తానమ్మా" అని ఫోన్ పెట్టేశారు.

తరువాత వ్యాయామాలు చూడడానికి వాళ్లింటికి వెళ్తే, వసారాలో కొత్త బల్ల మీద రెండు విస్తళ్లు పక్కపక్కనే ఉన్నాయి. శర్మగారు ఆమెకు పప్పు వడ్డిస్తున్నారు.

"నొప్పి ఉందమ్మా, ఎక్కడికి పోతుంది? కానీ పెళ్లయ్యాక ఈయన పక్కన కూర్చుని తినడం ఇదే మొదటిసారి" అన్నారావిడ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. గంజాయి నూనె మాట శర్మగారు మళ్లీ ఎత్తలేదు.

మంచి మందు రావాలి, తప్పకుండా రావాలి. ఈలోగా మోకాలి నొప్పని ఎవరొచ్చినా, ఎక్కడ కూర్చుని తింటారు, ఎవరితో తింటారు అన్నదే మొదట అడుగుతున్నాను.